పదో తరగతి పబ్లిక్ పరీక్షలకు ఇంట్లోవాళ్లు ఎలా సిద్ధమవ్వాలి?

ఆంధ్రప్రదేశ్‌లో ఏటా మార్చిలో ఆరు లక్షలకు పైగా పిల్లలు ఒకే రోజు, ఒకే సమయానికి, ఒకే ప్రశ్నపత్రం రాస్తారు. తెలంగాణలో ఇంకో ఐదు లక్షల మంది దాకా ఉంటారు. పిల్లల్ని తయారు చేయడానికి బడి ఉంది, స్టడీ అవర్లు ఉన్నాయి, ట్యూషన్లు ఉన్నాయి. ఇంట్లో పెద్దవాళ్లకు మాత్రం ఎవరూ ఏమీ చెప్పరు. అందుకే వాళ్లు తమకు తెలిసిన రెండు పనులే చేస్తారు: టీవీ కట్టేయడం, పొద్దస్తమానం "చదువు, చదువు" అనడం.

ఇది ఆ పెద్దవాళ్ల కోసం రాస్తున్నది. మీకు లెక్కలు రాకపోయినా, ఇంగ్లిష్ చదవడం రాకపోయినా ఫర్వాలేదు. పాఠాల సంగతి టీచర్లు చూసుకుంటారు. కాగితాలు సరిగ్గా ఉన్నాయా, మార్కులు ఎక్కడ పోతున్నాయి, ఇంట్లో నిద్ర, తిండి, మాట ఎలా ఉన్నాయి అనేవి మీరే చూడాలి. ఎక్కువగా ఏపీ పద్ధతే చెబుతాను. తెలంగాణలో తేడా ఉన్నచోట ఆ సంగతీ చెబుతాను.

1. ముందు పేపరు ఎలా ఉంటుందో మీరు తెలుసుకోండి

చాలామంది తల్లిదండ్రుల బుర్రలో ఇంకా వాళ్లు రాసిన పదో తరగతే ఉంది. పేపర్-1, పేపర్-2 అంటూ పదకొండు పరీక్షలు ఉండేవి. కోవిడ్ తర్వాత అవి పోయాయి. ఇప్పుడు తెలుగు, హిందీ, ఇంగ్లిష్, లెక్కలు, సోషల్ ఒక్కోటి 100 మార్కులు. సైన్స్‌లో ఫిజికల్ సైన్స్ 50, బయాలజీ 50, వేర్వేరు రోజుల్లో. మొత్తం 600. వంద మార్కుల పేపరు ఉదయం 9.30 నుంచి 12.45 వరకు. అందులో 15 నిమిషాలు ప్రశ్నపత్రం చదువుకోవడానికే ఇస్తారు. సైన్స్ పేపర్లు ఒక్కోటి రెండు గంటలు. పాసవ్వాలంటే ద్వితీయ భాష హిందీలో 20, మిగతా సబ్జెక్టుల్లో 35 రావాలి.

లెక్కల పేపరు చూడండి. 2025 వరకు వచ్చిన నమూనాలో 33 ప్రశ్నలు: ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. ఛాయిస్ ఉండేది ఎనిమిది మార్కుల ప్రశ్నల్లోనే. ఇప్పుడు చిన్న కూడిక వేద్దాం. ఒకటి, రెండు మార్కుల ప్రశ్నలు కలిపితేనే 28 మార్కులు. వాటికి నాలుగు మార్కుల ప్రశ్నలు రెండు చేరిస్తే 36. పాసు మార్కు దాటేసింది. "లెక్కలంటే నాకు భయం" అనే పిల్లాడి పక్కన కూర్చుని ఈ కూడిక కాగితం మీద వేసి చూపించండి. పుస్తకం మొత్తం చదవమని వందసార్లు చెప్పడం కన్నా ఈ ఒక్క కాగితం ఎక్కువ ధైర్యం ఇస్తుంది.

ఇంకో సంగతి. ఏపీలో పదో తరగతికి 2024-25 నుంచి ఎన్‌సీఈఆర్టీ పాఠ్యాంశాలు వచ్చాయి. అక్క చదివిన గైడ్లు, అన్న రాసుకున్న నోట్సు అటక మీద నుంచి దించకండి. కొత్త పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు. తెలుగు చదవగలిగిన తల్లి పాఠం చూస్తూ పిల్లల చేత అప్పజెప్పించుకోవచ్చు. ఈ సదుపాయాన్ని వాడుకునే ఇళ్లు తక్కువే.

తెలంగాణలో 2025 పరీక్షల దాకా ఉన్న పద్ధతి వేరు: పబ్లిక్ పరీక్షకు 80, ఇంటర్నల్స్‌కు 20. పార్ట్-బి బిట్ పేపరుకు చివరి అరగంట. పరీక్షల విధానం అప్పుడప్పుడూ మారుతూ ఉంటుంది కాబట్టి బడి మొదలైన నెలలోనే ఆ ఏడాది మోడల్ పేపర్లు క్లాస్ టీచర్‌ని అడిగి ఒక సెట్టు ఇంట్లో పెట్టుకోండి.

2. నామినల్ రోల్: ఒక్క అక్షరం కూడా వదలొద్దు

పరీక్ష ఫీజు కట్టే రోజుల్లో, అంటే నవంబర్, డిసెంబర్ ప్రాంతంలో, బడి నుంచి పిల్లల వివరాలు పరీక్షల విభాగానికి వెళ్తాయి. దాన్నే నామినల్ రోల్ అంటారు. పిల్లల పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ, పుట్టుమచ్చలు, మీడియం, భాషలు, ఫొటో, సంతకం అన్నీ అందులో ఉంటాయి. అందులో ఏది ఉంటే అదే హాల్ టికెట్ మీదకీ, ఆ తర్వాత మెమో మీదకీ వస్తుంది. పాస్‌పోర్టుకైనా, ఉద్యోగానికైనా, పుట్టిన తేదీకి రుజువుగా జీవితాంతం చూపించేది ఆ మెమోనే.

అందువల్ల "స్కూలు వాళ్లు చూసుకుంటారులే" అనుకోవద్దు. బడికి వెళ్లి ప్రింటు అడగండి. ఆధార్ కార్డు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూడండి. ఇంటి పేరు పూర్తిగా ఉందా, ఒక అక్షరమేనా? లక్ష్మి చివర ఇంగ్లిష్‌లో ఐ ఉందా, వై ఉందా? పెళ్లయ్యాక తల్లి ఇంటి పేరు మారితే ఏది రాశారు? ఆధార్‌లో తప్పుంటే ముందు దాన్నే సరిచేయించాలి. అందుకే ఈ పని దసరా సెలవుల్లోనే మొదలుపెట్టండి. మెమో వచ్చాక సరిచేయించుకోవాలంటే ప్రధానోపాధ్యాయుడి దగ్గర మొదలై పైస్థాయి దాకా కాగితాలు తిరగాలి.

మీడియం కాలమ్ కూడా చూడండి. బోధన ఇంగ్లిష్ మీడియంలో సాగినా, 2025లో తెలుగులో రాసుకునే వెసులుబాటు ఇచ్చారు. మీ పిల్లలు ఏ భాషలో రాయాలనుకుంటున్నారో, రోల్‌లో అదే ఉందో లేదో సరిచూసుకోండి.

చూపు, వినికిడి, చేతుల కదలికలో ఇబ్బంది ఉన్న పిల్లలకు, నేర్చుకోవడంలో లోపాలున్న పిల్లలకు రాసిపెట్టే సహాయకుడు, అదనపు సమయం, భాష మినహాయింపు లాంటి సదుపాయాలుంటాయి. అవి వాటంతటవే రావు. సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) లాంటి రుజువులతో ముందుగానే బడి ద్వారా దరఖాస్తు పెట్టాలి. పరీక్ష వారంలో పరుగెత్తితే పని జరగదు. తల్లిదండ్రులకు తెలియక పిల్లలు నష్టపోయేది ఎక్కువగా ఇక్కడే.

3. ప్రీ-ఫైనల్ పేపర్లు ఇంటికి తెప్పించుకుని చూడండి

ప్రీ-ఫైనల్ అంటే పబ్లిక్ పరీక్షకు ముందు బడిలో పెట్టే నమూనా పరీక్ష. దిద్దిన ఆ పేపర్లు చూడడమే ఇంట్లోవాళ్లు చేయగలిగిన పనుల్లో నా లెక్కన అన్నిటికన్నా విలువైనది. కానీ దాదాపు ఎవరూ చేయరు. ప్రోగ్రెస్ కార్డు మీద 52 అని చూసి "ఇంతేనా?" అనేసి సంతకం పెడతారు. 52 అనే అంకె మీకు ఏమీ చెప్పదు. మిగతా 48 ఎక్కడ పోయాయో దిద్దిన పేపరే చెబుతుంది.

పేపరు ముందు పెట్టుకుని, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, పోయిన ప్రతి మార్కునూ మూడు గుంపుల్లో వేయించండి. మొదటి గుంపు: అసలు రానివి. రెండోది: వచ్చు, కానీ టైం చాలక వదిలేసినవి. మూడోది: వచ్చీ తప్పు రాసినవి.

ఒక ఎనిమిది మార్కుల లెక్క ఇలా ఉంటుంది అనుకోండి. పౌనఃపున్య పట్టిక ఇచ్చి సగటు కనుక్కోమన్నారు. అమ్మాయి తరగతి మధ్య విలువలన్నీ సరిగ్గా రాసింది, గుణకారాలూ సరిగ్గానే వచ్చాయి. చివరి నిలువు వరస కూడేటప్పుడు ఒక దశాంశం జారింది. అక్కడి నుంచి జవాబంతా తప్పు. దిద్దినవాళ్లు అయిదు వేశారు. ఆ అమ్మాయికి సగటు పాఠం మళ్లీ చెప్పించడానికి ట్యూషన్ పెడితే డబ్బు దండగ. కూడిక రెండోసారి కింది నుంచి పైకి చేసి సరిచూసుకునే అలవాటు కావాలి, అంతే. అది ఇంట్లో నేర్పొచ్చు. సరుకుల చీటీ మీద అయినా నేర్పొచ్చు.

మూడో గుంపులో ఎప్పుడూ కనిపించేవి కొన్ని ఉన్నాయి. ప్రశ్న నంబరు తప్పు వేయడం. సైన్స్ బొమ్మ గీసి భాగాల పేర్లు రాయకపోవడం. సోషల్‌లో మ్యాప్ ప్రశ్నను చివరికి పెట్టుకుని, గంట కొట్టే వేళకు గబగబా చుక్కలు పెట్టడం. గ్రాఫ్‌కి స్కేల్ రాయకపోవడం. ఇవన్నీ చదువు రాక పోయిన మార్కులు కావు.

రెండో గుంపు పెద్దగా ఉంటే సమస్య టైంది. లెక్కల పేపరే తీసుకోండి. ప్రశ్నపత్రం చదువుకునే 15 నిమిషాలు తీసేస్తే రాయడానికి 180 నిమిషాలు. ఎనిమిది మార్కుల ప్రశ్నలు అయిదింటికీ 70 నిమిషాలు, నాలుగు మార్కులవాటికి 50, రెండు మార్కులవాటికి 25, బిట్లకు 15 పెట్టుకుంటే 160 అవుతుంది. 20 నిమిషాలు సరిచూసుకోవడానికి మిగులుతాయి. సంక్రాంతి తర్వాత వచ్చే ఆదివారాల్లో ఉదయం సరిగ్గా 9.30కి ఒక మోడల్ పేపరు ఇచ్చి, గోడ గడియారం ఎదురుగా పెట్టి రాయించండి. మధ్యలో లేవడం, "అమ్మా నీళ్లు" అనడం ఉండకూడదు. మీరు ఇన్విజిలేటర్ అన్నమాట. మొదటి వారం చేతివేళ్లు నొప్పి పుడతాయి. మూడు గంటలు ఏకధాటిగా రాయడం ఈ తరం పిల్లలకు నిజంగానే అలవాటు లేదు.

మొదటి గుంపులో ఉన్నవి, అంటే అసలు రానివి, సబ్జెక్టు టీచర్‌కి ఒక చీటీ మీద రాసి ఇవ్వండి. "మావాడు వీక్ సార్, కొంచెం చూడండి" అంటే ఏ మాస్టారికీ ఏమీ అర్థం కాదు. "త్రికోణమితిలో ఎత్తులు, దూరాలు రావడం లేదు సార్" అంటే ఆ రోజే కూర్చోబెట్టి చెబుతారు.

4. ఇంటి దినచర్య మార్చండి, ఫిబ్రవరి మొదటి నుంచే

పరీక్ష ఉదయం 9.30కి. రాత్రి రెండింటి దాకా చదివి, ఎనిమిదింటికి లేచే పిల్లలకు ఆ వేళకు బుర్ర సగం నిద్రలో ఉంటుంది. పదిన్నరకి పడుకుని ఐదున్నరకి లేవడం నెల ముందే మొదలుపెట్టాలి. పరీక్షకు రెండు రోజుల ముందు మొదలుపెడితే పడక ఎక్కినా నిద్ర రాదు.

నైటౌట్లు గొప్పగా చెప్పుకునే అలవాటు మన ఇళ్లలో ఉంది. "మా అబ్బాయి తెల్లవార్లూ చదువుతున్నాడు" అనే మాటలో గర్వం కన్నా ప్రమాదం ఎక్కువ.

ఇక ఇల్లు. అందరికీ వేరే గది ఉండదు. ఒకే గది ఉన్న ఇంట్లో చదువు టైం అంటే అందరికీ టైమే: సాయంత్రం ఆరున్నర నుంచి తొమ్మిది దాకా టీవీ లేదు, స్పీకర్‌లో ఫోన్ మాట్లాడడం లేదు, నాన్న రీల్స్ చూడడం లేదు. పిల్లల ఫోన్ లాక్కుని తాను ఐపీఎల్ పెట్టుకుని కూర్చునే తండ్రి మాటకు విలువుండదు. ఆ టోర్నమెంట్ కూడా సరిగ్గా మార్చి నెలాఖరులోనే మొదలవుతుంది. ఇంట్లో కుదరకపోతే బడిలో స్టడీ అవర్‌కి పంపండి. చీకటి పడ్డాక ఆడపిల్లల్ని తీసుకురావడానికి ఎవరు వెళ్తారో ముందే అనుకోండి.

మాఘ మాసం పెళ్లిళ్లు ఈ రోజుల్లోనే వస్తాయి. దగ్గరి చుట్టాలదైనా, పిల్లల్ని తీసుకెళ్లకపోతే ఎవరూ ఏమీ అనుకోరు. "టెన్త్ అండీ" అంటే చాలు. ఉగాది పరీక్షల మధ్యలో పడితే పచ్చడి తిని చదువుకోవడమే. రంజాన్ ఉపవాసాలు కలిసొచ్చిన ఏడాది సహరీ తర్వాత కాసేపు నిద్ర ఉండేలా చూసుకోవాలి. ఎండల్లో సెంటర్ నుంచి తిరిగొచ్చేటప్పుడు నడక తగ్గించుకోవాలి.

హాస్టల్లో, గురుకులంలో, కస్తూర్బా విద్యాలయంలో ఉన్న పిల్లలకు ఈ దినచర్య అక్కడే ఉంటుంది. మీరు చేయాల్సింది ఫోన్ మాటలు జాగ్రత్తగా మాట్లాడడమే. ఇంట్లో అప్పుల గొడవ, తాతయ్య ఆస్పత్రి కబురు ఆ ఫోన్‌లో చెప్పొద్దు. అవి ఏప్రిల్లో కూడా చెప్పొచ్చు.

5. ఏం మాట్లాడాలి, ఏం మాట్లాడొద్దు

పక్కింటి పిల్ల పేరు ఎత్తొద్దు. "నీ కోసమే ఇంత కష్టపడుతున్నాం" అనొద్దు. అది వాళ్లకు తెలుసు, తెలిసే భయపడుతున్నారు. "ఫెయిలైతే ఇంటికి రావద్దు" అనే మాట సరదాకి కూడా నోట రానీయకండి. రిజల్ట్స్ రోజున పేపర్లలో మనం చదివే విషాద వార్తల వెనక చాలాసార్లు ఇలాంటి మాటే ఉంటుంది. పరీక్షలు మొదలవ్వకముందే ఒకసారి స్పష్టంగా చెప్పండి: "పోతే మేలో సప్లిమెంటరీ ఉంది. రాద్దాం. ఏడాది కూడా పోదు."

అన్నం సరిగ్గా తినకపోవడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం, పరీక్ష పేరు ఎత్తితే కడుపునొప్పి, వాంతులు రావడం లాంటివి కనిపిస్తే నాటకం అని కొట్టిపారేయకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, ఏ వేళైనా, తెలుగులోనే మాట్లాడతారు. తల్లిదండ్రులు కూడా ఫోన్ చేసి అడగొచ్చు.

6. హాల్ టికెట్, సెంటర్

హాల్ టికెట్లు మార్చి మొదట్లో, ఒక్కోసారి అంతకుముందే వస్తాయి. బడిలో ఇస్తారు, పరీక్షల విభాగం వెబ్‌సైట్‌లో దించుకోవచ్చు. ఏపీలో 2025 నుంచి మన మిత్ర వాట్సాప్ సేవలో కూడా ఇస్తున్నారు. ఫీజు బాకీ ఉందని ఏదైనా ప్రైవేటు బడి ఆపితే మీరే దించుకోవచ్చు. చేతికి రాగానే పేరు, ఫొటో, మీడియం, సబ్జెక్టులు, సెంటర్ పేరు చూడండి. తప్పుంటే ఆ రోజే ప్రధానోపాధ్యాయుడికి చెప్పండి. మూడు జిరాక్సులు తీసి ఒకటి నాన్న జేబులో, ఒకటి బ్యాగులో, ఒకటి ఇంట్లో పెట్టండి.

పరీక్షకు ఒకటి రెండు రోజుల ముందు సెంటర్‌కి ఒకసారి వెళ్లి రండి. ఒకే ఊళ్లో ఒకే పేరుతో జడ్పీ హైస్కూల్ బాలురది, బాలికలది రెండూ ఉంటాయి. చివరి నిమిషంలో తప్పు గేటు దగ్గర నిలబడే పిల్లలు ఏటా కనిపిస్తారు. పల్లె నుంచి వెళ్లాల్సి ఉంటే బస్సు టైం చూసుకోండి. ఏపీలో పదో తరగతి పిల్లలకు పరీక్ష రోజుల్లో హాల్ టికెట్ చూపిస్తే పల్లెవెలుగు బస్సుల్లో ఉచితంగా ఎక్కించుకుంటున్నారు. ఆ బస్సు రాకపోతే ఎవరి బండి మీద వెళ్లాలో కూడా ముందే మాట్లాడిపెట్టుకోండి.

7. పరీక్ష ఉదయం

ఇడ్లీయో, ఉప్మానో, పెరుగన్నమో, రోజూ తినేదే పెట్టండి. ఆ రోజు ప్రత్యేకంగా పూరీలు, బయటి బిర్యానీ వద్దు. గేటు దగ్గరకు 8.45 కల్లా చేరాలి. నీలం లేదా నలుపు పెన్నులు మూడు, పెన్సిల్, స్కేలు, రబ్బరు, అట్ట, పారదర్శక నీళ్ల సీసా, హాల్ టికెట్. స్మార్ట్ వాచీ వద్దు, ఫోన్ అసలే వద్దు. జేబులో పాత స్లిప్ టెస్ట్ కాగితం ముక్క మిగిలిపోయినా స్క్వాడ్ కంట పడితే కష్టం కాబట్టి బయల్దేరేముందు జేబులు మీరే ఒకసారి తడమండి.

లోపల చేయాల్సినవి పిల్లలకు నాలుగు మాటల్లో చెప్పండి. ఓఎంఆర్ షీటు మీద తన పేరు, హాల్ టికెట్ నంబరు, ఆ రోజు సబ్జెక్టు ఉన్నాయో చూసుకోవాలి. వేరేవాళ్లది వస్తే రాయకుండా ఇన్విజిలేటర్‌కి చెప్పాలి. జవాబు పుస్తకం లోపలి పేజీల్లో పేరు, నంబరు, "ఓం" లాంటివేవీ రాయకూడదు. బాగా వచ్చిన ప్రశ్నతో మొదలుపెట్టాలి. అడిషనల్ తీసుకుంటే కట్టడం మరిచిపోకూడదు.

పేపరు ఫొటోల సంగతి కూడా చెప్పండి. 2023 ఏప్రిల్లో తెలంగాణలో తాండూరు, కమలాపూర్ సెంటర్ల నుంచి పరీక్ష మొదలయ్యాక ప్రశ్నపత్రం ఫొటోలు వాట్సాప్‌లోకి వచ్చాయి. కమలాపూర్‌లో బయటివాళ్లు ఫొటో తీసింది ఒక విద్యార్థి చేతిలోని పేపరునే. అతన్ని డీబార్ చేశారు, అంటే పరీక్షలు రాయకుండా నిషేధించారు, హైకోర్టు దాకా వెళ్లాకే మిగతా పరీక్షలు రాయగలిగాడు. కిటికీ దగ్గర కూర్చున్నవాళ్లు ఎవరు అడిగినా పేపరు చూపించకూడదు, వెంటనే ఇన్విజిలేటర్‌కి చెప్పాలి.

8. పేపరుకీ పేపరుకీ మధ్య

బయటికి రాగానే "ఎన్ని వస్తాయి?" అని అడగొద్దు. "ఆకలేస్తోందా?" అని అడగండి. కీ చూసి మార్కులు లెక్కేసుకోవడం అన్నీ అయ్యాక. పోయిన లెక్కల పేపరు మీద ఏడుస్తూ కూర్చుంటే రేపటి ఫిజికల్ సైన్స్ కూడా పోతుంది. మధ్యాహ్నం గంటన్నర పడుకోనివ్వండి.

"రేపటి పేపరు వెయ్యి రూపాయలకే" అంటూ టెలిగ్రామ్‌లో వచ్చేవి నమ్మకండి. డబ్బు పోవడం ఒక ఎత్తు, 1997 నాటి పరీక్షల మాల్‌ప్రాక్టీస్ చట్టం కింద కేసు ఇంకో ఎత్తు. అలాంటి మెసేజ్ వస్తే ముందుకు పంపకండి.

9. రిజల్ట్స్ తర్వాత

2025లో ఏపీ ఫలితాలు ఏప్రిల్ 23న వచ్చాయి, 81.14 శాతం మంది పాసయ్యారు. తెలంగాణవి ఏప్రిల్ 30న. రిజల్ట్స్ వచ్చే రోజు పిల్లల్ని ఒంటరిగా వదలకండి. సెలవు పెట్టి అయినా ఎవరో ఒకరు ఇంట్లో ఉండండి.

మార్కులు మరీ అనుమానంగా ఉంటే రీకౌంటింగ్‌కి సబ్జెక్టుకు 500 రూపాయలు, జవాబు పత్రం నకలుతో రీవెరిఫికేషన్‌కి 1000. గడువు కొద్ది రోజులే. రీకౌంటింగ్ అంటే కూడిక మాత్రమే సరిచూస్తారు. దిద్దకుండా వదిలేసిన జవాబు ఉందనిపిస్తే రీవెరిఫికేషనే పెట్టాలి. 2025లో ఏపీలో రీవెరిఫికేషన్ తర్వాత వేల పేపర్లలో మార్కులు మారాయి, దిద్దిన కొందరు టీచర్లు సస్పెండ్ కూడా అయ్యారు. కాబట్టి 90లు వచ్చే పిల్లకు ఒక్క సబ్జెక్టులో 28 వస్తే, తిట్టేముందు దరఖాస్తు పెట్టండి. అదే సమయంలో సప్లిమెంటరీ ఫీజు కూడా కట్టేయండి. రీవెరిఫికేషన్ ఫలితం కోసం ఆగితే ఆ గడువు దాటిపోవచ్చు.

నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీల్లో సీట్లు పదో తరగతి మార్కుల మీదే ఇస్తారు. ప్రభుత్వ బడిలో చదివినవాళ్లకు వెనకబాటును లెక్కలోకి తీసుకుని నాలుగు శాతం అదనపు మార్కులు (డిప్రివేషన్ స్కోర్) కలుస్తాయి. పాలిటెక్నిక్‌కి పాలిసెట్ అనే ప్రవేశ పరీక్ష వేరే రాయాలి, దాని నోటిఫికేషన్ పదో తరగతి పరీక్షల హడావుడిలోనే వస్తుంది. ఆ తేదీలు పిల్లల మీద వేయకుండా మీరే కేలెండర్‌లో రాసి పెట్టుకోండి.